నడుస్తున్న కీ వాచీకి సర్వీసు ఎప్పుడు, ఎలా?

ప్రశ్న: మేం మలక్‌పేటలో ఉంటాం. మా నాన్నగారు 1970ల చివర్లో కొన్న హెచ్.ఎం.టి. జనతా ఆయన పోయిన తర్వాత పదిహేనేళ్లుగా బీరువాలోనే ఉండిపోయింది. మొన్న తీసి కీ ఇస్తే వెంటనే నడిచింది. ఇక రోజూ నేనే పెట్టుకుందామనుకుంటున్నాను. మావారిది 2016లో కొన్న సీకో 5 ఆటోమేటిక్, వెనక 7ఎస్26 అని ఉంది. మొదట్లో రోజుకు పది సెకన్లు ముందుకు వెళ్లేది. ఇప్పుడు నలభై సెకన్లు వెనకబడుతోంది. శుక్రవారం రాత్రి తీసి పెడితే శనివారం సాయంత్రానికల్లా ఆగిపోతోంది. కొన్నప్పటి నుంచి దాన్ని విప్పలేదు. ఒక షాపులో "అరగంట కూర్చోండి, ఆయిలింగ్ చేసిస్తా" అన్నారు. ఇంకో చోట రెండు వారాల గడువు, మూడు రెట్లు డబ్బు అడిగారు. మూడో ఆయనేమో "నడిచే వాచీని కదిలించకండి, ఆగినప్పుడు తీసుకురండి" అన్నారు. ఎవరి మాట వినాలి? జనతా డయల్ మీద మచ్చలొచ్చాయి, కొత్త డయల్ వేయించమంటారా?

జవాబు: రెండు వారాలు అడిగిన ఆయన దగ్గరికే వెళ్లండి. అయితే వాచీ చేతికిచ్చే ముందు కింద రాసిన నాలుగు ప్రశ్నలు అడగండి. జనతాను మాత్రం ఇవాళ్టి నుంచే కీ ఇవ్వడం ఆపి పక్కన పెట్టండి. సర్వీసు అయ్యేదాకా దాన్ని నడపవద్దు. సీకో విషయం వేరు. దాన్ని ఇంట్లోనే ఓ వారం పరీక్షించాక నిర్ణయం తీసుకోవచ్చు. డయల్ మార్చొద్దు.

"ఆగినప్పుడు తీసుకురండి" అన్న సలహా చాలామంది ఇస్తారు, మంచి మనసుతోనే ఇస్తారు. ఫ్యాను, మిక్సీ లాంటి వాటికి అది సరిపోతుంది. కీ వాచీకి సరిపోదు. జనతా గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది. అంటే సెకనుకు 5, రోజుకు 4,32,000. ఆ కదలికంతా అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీల్ ఇరుసు చివర ఉండే పివట్ల మీద జరుగుతుంది. వాటి మందం మిల్లీమీటరులో పదో వంతు, కొన్నిటికి అంతకన్నా తక్కువ. ఆ పివట్ తిరిగేది ఎర్రరాయి జ్యూయెల్‌లో. ఆ రెండింటి మధ్య సూదిమొన మీద నిలిచేంత నూనె ఉంటుంది. ఏళ్లు గడిస్తే ఆ నూనె చిక్కబడుతుంది, లేదా అక్కడి నుంచి పాకి వెళ్లిపోతుంది. పాతకాలపు నూనెలైతే జిగురులా గడ్డకడతాయి. నూనె పోయిన చోట ఉక్కు అరిగి సన్నని పొడి రాలుతుంది. ఆ పొడి మిగిలిన జిడ్డులో కలిసి సానరాయిలా పనిచేస్తూ పివట్‌ను ఇంకా వేగంగా తినేస్తుంది. విప్పి చూస్తే జ్యూయెల్ చుట్టూ ఎర్రటి, గోధుమరంగు మసి కనిపిస్తుంది. అది అరిగిన లోహమే.

ఇంత జరుగుతున్నా వాచీ ఆగదు. కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్‌కు ఆ ఒరిపిడిని నెట్టుకుపోయే బలం ఉంటుంది. అది నెట్టలేని స్థితికి వచ్చేసరికి పివట్లు చెడిపోయి ఉంటాయి. ఆ స్ప్రింగ్ ఉండే డ్రమ్ము ఇరుసు తిరిగే రంధ్రాలకు చాలా మెషీన్లలో జ్యూయెల్ ఉండదు, ఇత్తడిలోనే తిరుగుతుంది. ఆ రంధ్రాలు కోలగా సాగిపోయి డ్రమ్ము ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది. సర్వీసుతో పోయేదానికి అప్పుడు విడిభాగాలు కావలసి వస్తాయి. హెచ్.ఎం.టి. వాచీల తయారీ సంస్థను మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. కాబట్టి జనతా భాగాలంటే ఇవాళ రెండే దారులు: పాత షాపుల డబ్బాల్లో మిగిలిన స్టాకు, లేదా మరో పాత వాచీ విప్పి తీసినవి. మన హైదరాబాద్‌లోనే పుట్టిన ఆల్విన్ వాచీలు దాచుకున్నవాళ్లకూ ఇదే పరిస్థితి. కంపెనీ లేని వాచీని అరగనివ్వకుండా చూసుకోవడమే తెలివైన పని.

పదిహేనేళ్ల తర్వాత కీ ఇవ్వగానే నడిచిందంటే మెషీన్‌లో ఏదీ విరగలేదని అర్థం. అది నిజంగా మంచి వార్త. నూనె ఉందని మాత్రం అర్థం కాదు. ఇప్పుడు ఒక్కో రోజు నడిపితే పొడిపొడి పివట్ల మీద మరో నాలుగు లక్షల దెబ్బలు పడతాయి. ఒకసారి నడిపి చూశారు, ఫర్వాలేదు. రోజూ వద్దు.

ఇక సీకో. మీరు చెప్పిన రెండు లక్షణాల్లో ముఖ్యమైనది వెనకబడటం కాదు, త్వరగా ఆగిపోవడం. 7ఎస్26 నిండుగా కీ ఎక్కితే సుమారు 40 గంటలు నడవాలి. శుక్రవారం రాత్రి నుంచి శనివారం సాయంత్రానికి ఇరవై గంటలు కూడా సరిగ్గా రావు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ మెషీన్‌కు చేత్తో కీ ఇచ్చే ఏర్పాటు లేదు, చెయ్యి కదిలితేనే స్ప్రింగ్ చుట్టుకుంటుంది. మీవారు రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమైతే వాచీ అసలు నిండడమే లేదేమో. అది వాచీ జబ్బు కాదు. ఈ రెండింటినీ విడదీయడం సులువే. ఏ ఆదివారమో పెళ్లికో, బజారుకో వెళ్లి బాగా తిరిగిన రోజు రాత్రి పడుకునే ముందు వాచీని బల్లమీద డయల్ పైకి ఉండేలా పెట్టి టైము రాసుకోండి. ఎప్పుడు ఆగిందో ముళ్లే చెబుతాయి. 36 గంటలు దాటితే మెషీన్ మీద అనుమానం అక్కర్లేదు. అప్పుడూ 20, 25 గంటల దగ్గరే ఆగితే సర్వీసు తప్పదు. కొన్ని షాపుల్లో వెనక మూత తీసి స్క్రూడ్రైవర్‌తో రాచెట్ స్క్రూ తిప్పి స్ప్రింగ్‌ను పూర్తిగా చుట్టి ఇస్తారు. అలా అడిగి చేయించుకుంటే పరీక్ష ఇంకా కచ్చితంగా వస్తుంది.

వెనకబడటాన్ని ఇలా కొలవండి. రోజూ ఒకే వేళకు, ఉదయం 7 అనుకోండి, ఫోన్‌లోని టైముతో పోల్చి ఎన్ని సెకన్లు తేడా ఉందో రాసుకోండి. ఏడు రోజులు ముళ్లను ముట్టుకోవద్దు. తేడా రోజూ దాదాపు ఒకేలా ఉంటే, అంటే 38, 41, 40, 39 అని వస్తుంటే, వాచీ స్థిరంగానే ఉంది. వేగాన్ని దిద్దే రెగ్యులేటర్ మీట సర్దితే చాలేమో అని ఆలోచించవచ్చు. ఒకరోజు 5, మర్నాడు 60, ఆ మర్నాడు ముందుకు 20 అని వస్తుంటే లోపల ఎక్కడో పట్టేస్తోంది. పది సెకన్లు ముందుండేది నలభై వెనక్కి రావడం, దానికి తోడు త్వరగా ఆగిపోవడం, ఈ రెండూ కలిసి వస్తే మాత్రం మా అనుమానం ఎండిన నూనె మీదే. దాదాపు పదేళ్లు విప్పని వాచీలో అది ఆశ్చర్యం కాదు.

ఇక్కడే చాలామంది మోసపోయే చోటు ఉంది. వెనకబడే వాచీని తీసుకెళ్తే మూత తీసి రెగ్యులేటర్ మీటను ప్లస్ వైపు కాస్త జరిపి ఇచ్చేస్తారు. మర్నాడు టైము సరిగ్గా ఉంటుంది. లోపల ఒరిపిడి అలాగే ఉంటుంది, పివట్ అలాగే అరుగుతుంటుంది. మీకు హెచ్చరిక చేసే ఒక్క గుర్తునూ తుడిచేసినట్టయింది. కారణం తెలుసుకోకుండా రెగ్యులేటర్‌ను ముట్టుకోనివ్వకండి.

కారణం తెలిపే పరికరం టైమ్‌గ్రాఫర్. వాచీ చప్పుడు విని మూడు అంకెలు చూపిస్తుంది: రోజుకు ఎన్ని సెకన్ల తేడా, బ్యాలెన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోంది, రెండు వైపుల ఊపు సమానంగా ఉందా. మీరు చూడాల్సింది రెండోది, యాంప్లిట్యూడ్. నిండుగా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు మంచి స్విస్ మెషీన్‌లో అది 270 నుంచి 310 దాకా ఉంటుంది. సీకో 7ఎస్26 కొత్తగా ఉన్నప్పుడే కొంచెం తక్కువ ఊగుతుంది, 250 చుట్టూ ఉంటే బాగున్నట్టే. కీ వైపు కిందకు నిలబెట్టినప్పుడు మరో 20 నుంచి 40 డిగ్రీలు తగ్గడం మామూలే. నిండుగా కీ ఉన్నా 200 కిందకు పడిపోయిందంటే టైము ఎంత కచ్చితంగా చూపించినా సర్వీసుకు వేళయింది. ఇంకో మాట: ఈ అంకె లెక్కకట్టడానికి పరికరంలో లిఫ్ట్ యాంగిల్ అనే విలువ సరిగ్గా పెట్టాలి. సీకో 7ఎస్26కి అది 53 డిగ్రీలు. ఫోన్‌లో వచ్చే టైమ్‌గ్రాఫర్ యాప్‌లు సెకన్ల తేడా బాగానే చూపిస్తాయి, యాంప్లిట్యూడ్ విషయంలో వాటిని పూర్తిగా నమ్మలేం.

టైమ్‌గ్రాఫర్ మీద అంతా బాగుండి, చేతి మీద మాత్రం వాచీ పావుగంటలు, అరగంటలు వెనకబడుతుంటే కథ వేరు. గుండె బాగానే కొట్టుకుంటోంది, ముళ్లే జారుతున్నాయి. నిమిషాల ముల్లును పట్టుకుని ఉండే క్యానన్ పినియన్ అనే చిన్న గొట్టం వదులైతే అలా అవుతుంది. దాన్ని బిగించి గ్రీజు పెడితే సరిపోతుంది.

ముందుకు పరిగెత్తడం కూడా ఆరోగ్యం కాదు. నిన్నటిదాకా బాగున్న వాచీ ఉన్నట్టుండి రోజుకు రెండు, మూడు, పది నిమిషాలు ముందుకు పోతుంటే సర్వీసుకు డబ్బు కట్టకండి, ముందు అయస్కాంతం సంగతి చూడండి. బ్యాలెన్స్‌ను ఊగించే సన్నటి హెయిర్ స్ప్రింగ్‌కు అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అంటుకుని స్ప్రింగ్ పొట్టిదైనట్టు పనిచేస్తుంది, వాచీ వేగం పెరుగుతుంది. ఇవాళ ఇంట్లో దానికి కొదవేం లేదు: ఫోన్ కవర్ బిళ్ల, హ్యాండ్‌బ్యాగ్ బొత్తం, స్పీకర్, ట్యాబ్ మూత. ఫోన్‌లో కంపాస్ తెరిచి వాచీని దాని మీదుగా మెల్లగా కదపండి. ముల్లు చటుక్కున పక్కకు లాగేస్తే అయస్కాంతం పట్టిందని అనుమానించవచ్చు. డీమాగ్నెటైజర్ మీద పెట్టి తీయడం నిమిషం పని. అది చేశాకా వేగం తగ్గకపోతే హెయిర్ స్ప్రింగ్ మీద నూనె పడిందేమో, చుట్లు వంకరపోయాయేమో చూడాలి. అందుకు విప్పాల్సిందే.

అరగంట ఆయిలింగ్ ఎందుకు వద్దంటున్నామో ఇప్పుడు చెప్పాలి. అందులో జరిగేది ఇది: మూత తీస్తారు, మెషీన్‌ను విప్పకుండానే వైట్ పెట్రోల్‌లో ముంచుతారు లేదా బ్రష్‌తో కడుగుతారు, గాలి కొడతారు, పైకి కనిపించే జ్యూయెల్స్‌లో నూనె చుక్కలు వేస్తారు. వాచీ వెంటనే హుషారుగా నడుస్తుంది కూడా. కానీ పెట్రోల్ పలకల మధ్యకు వెళ్లి పాత జిడ్డును సగం కరిగించి ఆ మురికిని పివట్ల దగ్గరకే చేరుస్తుంది. డ్రమ్ములోని మెయిన్ స్ప్రింగ్ అలాగే ఎండిపోయి ఉంటుంది. డయల్ వైపున్న జ్యూయెల్స్‌కు నూనె అందదు. అన్నిటికన్నా చేటు చేసేది నూనె పడకూడని చోట పడటం. చక్రాలను ఒక్కో పన్నుగా వదిలే ప్యాలెట్ ఫోర్క్ పివట్లకు నూనె వేయరు. అక్కడ కదలిక చాలా చిన్నది, నూనె వేస్తే అది పట్టేసినట్టు ఊపును తగ్గిస్తుంది. చక్రాల పళ్లకూ వేయరు. ఎక్కువైన నూనె దుమ్మును పట్టుకుంటుంది, హెయిర్ స్ప్రింగ్ మీదకు పాకుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి వాచీ మునుపటికన్నా అధ్వాన్నంగా ఉంటుంది. ఇంట్లో ఉన్న కుట్టు మిషన్ నూనె వేసుకునేవాళ్లకు కూడా ఇదే మాట, ఆ నూనె ఒకచోట నిలవదు.

పూర్తి సర్వీసు అంటే మెషీన్‌లో ఒక్క భాగమూ కలిసి ఉండకుండా విప్పడం. ముందు టైమ్‌గ్రాఫర్ మీద పెట్టి పాత అంకెలు రాసుకుంటారు. స్టెమ్, అంటే కీ కాడ, తీసి మెషీన్‌ను కేసులోంచి బయటకు తెస్తారు. డయల్ మీద ప్లాస్టిక్ కాగితం పరిచి ముళ్లు లాగుతారు, తర్వాత డయల్. ఆ పైన చేసే పని చూడటానికి చిన్నదే గానీ, అనుభవం అక్కడే తెలుస్తుంది: స్ప్రింగ్ వెనక్కి విప్పుకోకుండా ఆపే క్లిక్‌ను పక్కకు నొక్కి పట్టుకుని, కీని వేళ్ల మధ్య మెల్లగా వదులుతూ మెయిన్ స్ప్రింగ్ బిగువంతా దించుతారు. బిగువు ఉండగానే ప్యాలెట్ ఫోర్క్ తీస్తే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్లు, పివట్లు విరగవచ్చు. తర్వాత బ్యాలెన్స్, ఫోర్క్, బ్రిడ్జిలు, చక్రాలు, డ్రమ్ము వరసగా వస్తాయి. జనతాలో పారాషాక్, సీకోలో డయాషాక్ అని బ్యాలెన్స్‌ను దెబ్బల నుంచి కాపాడే ఏర్పాటు ఉంటుంది. దాని చిన్న స్ప్రింగ్‌ను తీసి లోపలి మూత జ్యూయెల్‌ను విడిగా శుభ్రం చేయాలి. తొందరపడే చోట ముందుగా వదిలేసేది ఇదే.

భాగాలను అల్ట్రాసోనిక్‌లో గానీ వాచ్ క్లీనింగ్ మెషీన్‌లో గానీ క్లీనింగ్ ద్రావణంతో ఒకసారి, రిన్స్‌తో రెండుసార్లు కడిగి వెచ్చని గాలికి ఆరబెడతారు. ప్యాలెట్ ఫోర్క్‌ను, బ్యాలెన్స్‌ను మాత్రం స్పిరిట్‌లో నాననివ్వకూడదు. వాటి రాళ్లు లక్కతో అతికించి ఉంటాయి, స్పిరిట్‌కు లక్క కరుగుతుంది. కడిగాక కంటికి లూప్ (భూతద్దం) పెట్టి పివట్లకు గీతలు పడ్డాయా, జ్యూయెల్స్ పగిలాయా, డ్రమ్ము రంధ్రాలు సాగాయా చూస్తారు. మెయిన్ స్ప్రింగ్ డ్రమ్ములోంచి తీయగానే ఎస్ ఆకారంలో విశాలంగా విచ్చుకోవాలి. ముడుచుకునే ఉండిపోతే బలం పోయింది, కొత్తది వేయాలి. మీ జనతా వయసుకు కొత్త మెయిన్ స్ప్రింగ్ వేయించమనే మా సలహా.

బిగించేటప్పుడు ప్యాలెట్ ఫోర్క్ పెట్టకముందు కీని రెండు మూడు పళ్లు తిప్పి చూస్తారు. చక్రాలన్నీ తేలిగ్గా తిరిగి, ఆగేముందు ఫోర్క్‌ను తాకే చివరి చక్రం, ఎస్కేప్ వీల్, కాస్త వెనక్కి తిరిగితే ఎక్కడా పట్టు లేదని లెక్క. అప్పుడు నూనె. ఒకే నూనె అన్నిటికీ పనికిరాదు. బ్యాలెన్స్, ఎస్కేప్ వీల్ లాంటి వేగంగా తిరిగేవాటికి మోబియస్ కంపెనీ 9010 లాంటి పల్చటిది. సెంటర్ వీల్, డ్రమ్ము ఇరుసుకు డి5 లేదా హెచ్‌పీ1300 లాంటి చిక్కటిది. ప్యాలెట్ రాళ్ల ముఖాలకు 9415. మెయిన్ స్ప్రింగ్‌కు 8200 గ్రీజు. సీకో లాంటి ఆటోమేటిక్‌లో డ్రమ్ము లోపలి గోడకు వేరే బ్రేకింగ్ గ్రీజు, 8217 లాంటిది, వేయాలి. స్ప్రింగ్ నిండాక తెగకుండా జారిపోయే ఏర్పాటు అక్కడ ఉంటుంది. ఆ గ్రీజు తప్పయితే సగం నిండగానే జారిపోతుంది, వాచీ ఇరవై గంటలకే ఆగుతుంది. మీ సీకో లక్షణం సరిగ్గా ఇలాగే ఉంది కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా అడగండి. జ్యూయెల్ గుంటలో పివట్ చుట్టూ నూనె సగం నుంచి మూడింట రెండొంతుల దాకా ఉంటే చాలు, అంచు దాటకూడదు.

ఇదంతా శ్రద్ధగా చేస్తే చేతి పనే కొన్ని గంటలు పడుతుంది. ఆ పైన వాచీని నాలుగైదు రోజులు రకరకాల భంగిమల్లో నడిపి చూడాలి. రెండు వారాలు అడగటంలో ఉన్న లెక్క అది.

కోఠి, సుల్తాన్ బజార్, ఆబిడ్స్, సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు పాత వాచీలు చేసే చేతులు ఇంకా ఉన్నాయి. బోర్డు పెద్దదా చిన్నదా అని చూడకండి, ఈ నాలుగూ అడగండి: మెయిన్ స్ప్రింగ్ డ్రమ్ము తెరుస్తారా? ఎన్ని రకాల నూనెలు వాడతారు? సర్వీసుకు ముందు, తర్వాత టైమ్‌గ్రాఫర్ అంకెలు చూపిస్తారా? మార్చిన పాత భాగాలు తిరిగి ఇస్తారా? పనిచేసే మనిషి ఈ ప్రశ్నలకు చిరాకు పడడు, బల్ల దగ్గరకు పిలిచి చూపిస్తాడు. వాచీ ఇచ్చేటప్పుడు మీ ఎదుటే మూత తీయించి మెషీన్, డయల్, మూత మీది నంబర్లు ఫోటో తీసుకోండి. రసీదులో "పూర్తి సర్వీసు" అని, మెయిన్ స్ప్రింగ్ విడిగా, నీళ్లు చొరకుండా ఆపే గాస్కెట్ విడిగా, గ్యారంటీ ఎన్ని నెలలో రాయించండి. ఇది అపనమ్మకం కాదు. జనతాల్లో మంచి మెషీన్ తీసి అరిగిన మెషీన్ పెట్టినా పైకి తెలియదు కాబట్టి ఇద్దరికీ ఫోటో ఉండటమే మర్యాద.

డయల్ గురించి. మచ్చలు తేమ వల్ల వచ్చినవి, వాచీ నడకకు వాటితో సంబంధం లేదు. రీ-పెయింట్ చేసిన డయల్‌లో అక్షరాలు లావుగా, గీతలు వంకరగా వస్తాయి. ఒకసారి గీకేసిన అసలు పూత మళ్లీ రాదు. మీ నాన్నగారు రోజూ చూసిన ముఖం అది, అలాగే ఉండనివ్వండి. తడి గుడ్డతో, స్పిరిట్‌తో తుడవనివ్వకండి, అచ్చు లేచిపోతుంది. గాలి బుడ్డితో దుమ్ము ఊదితే చాలు. గీతలు పడిన యాక్రిలిక్ గ్లాసును మాత్రం పాలిష్ చేయించండి, పగులుంటే మార్పించండి. ఆ ఒక్క పనితో వాచీ సగం కొత్తదవుతుంది. కేసుకు బఫ్ పాలిష్ వద్దు, అంచులు గుండ్రమైపోతాయి. ఇంటర్నెట్‌లోనూ ఎర్రగడ్డ సంతలాంటి చోట్లా రంగురంగుల డయళ్లతో మెరిసే "కొత్త" జనతాలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు నాలుగు వాచీల భాగాలు కలిపి కట్టి, డయల్ మళ్లీ అచ్చువేసినవి. భాగాల కోసమైతే పనికొస్తాయేమో గానీ, మీ వాచీని వాటిలా చేయించకండి.

సీకోకు ఇంకో దారి ఉంది, నిజాయితీగా చెప్పాలి. 7ఎస్26 పెద్ద సంఖ్యలో తయారైన మెషీన్. పూర్తి సర్వీసు ఖర్చుకు దగ్గరగానో తక్కువకో ఎన్‌హెచ్36 అనే కొత్త మెషీన్ దొరికితే మొత్తంగా మార్చేయడం తప్పేం కాదు. వారం, తేదీ రెండూ ఉంటాయి, పాత డయల్, ముళ్లు సరిపోతాయి, పైగా చేత్తో కీ ఇచ్చుకోవచ్చు. కీ నాలుగు గంటల దగ్గర ఉన్న మోడల్ అయితే వారం, తేదీ డిస్కులు పాత మెషీన్‌వే కొత్తదానికి మార్చాలి, లేకపోతే కిటికీలో అక్షరాలు సరిగ్గా కూర్చోవు. మీవారికి ఈ వాచీ మీద ప్రత్యేక మమకారం ఉంటే సర్వీసు, రోజూ నడిచే వాచీ చాలనుకుంటే మార్పిడి. జనతాకు ఈ లెక్క వర్తించదు, దానికి సర్వీసే.

తిరిగి తెచ్చుకునేటప్పుడు సీకో అయితే 240 పైన, జనతా అయితే 250 దరిదాపుల్లో యాంప్లిట్యూడ్ ఉందేమో చూడండి. రెండు వైపుల ఊపు తేడా కొత్త మెషీన్‌లో 0.5 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిది. పాత జనతాలో 1 దాకా ఒప్పుకోవచ్చు. దాన్ని ఇంకా తగ్గించాలంటే చాలా పాత మెషీన్లలో హెయిర్ స్ప్రింగ్‌ను ఇరుసుకు పట్టి ఉంచే కొలెట్‌నే తిప్పాలి, ఆ ప్రయత్నంలో స్ప్రింగ్ వంగే ప్రమాదం ఉంది. జనతా వయసున్న వాచీ రోజుకు 20, 30 సెకన్లలో నడిస్తే తృప్తి పడండి. అధికారిక స్విస్ క్రోనోమీటర్ ప్రమాణమే రోజుకు వెనక్కి 4, ముందుకు 6 సెకన్ల సగటు అనుమతిస్తుంది.

ఆ తర్వాత ఎన్నేళ్లకు? రోలెక్స్ తన వాచీలకు సుమారు 10 ఏళ్లు అంటుంది, ఒమేగా 5 నుంచి 8 అంటుంది. అవి గట్టి గాస్కెట్లున్న కొత్త వాచీలు. రోజూ పెట్టుకునే జనతాకు మన దుమ్ములో 4, 5 ఏళ్లు, సీకోకు 6, 7 ఏళ్లు అనుకోండి. ఏటా విప్పించడం కూడా మంచిది కాదు, విప్పిన ప్రతిసారీ ఒక స్క్రూ తల చెడే, ఒక స్ప్రింగ్ వంగే అవకాశం ఉంటుంది. ఏడాదికోసారి పైన చెప్పిన వారం రోజుల లెక్క, ఆగే గంటల లెక్క చూసుకోండి, అంకెలు మారితే తీసుకెళ్లండి.

నీళ్ల విషయంలో మాత్రం ఏ లెక్కా చూడొద్దు. గ్లాసు లోపల ఆవిరి కనిపిస్తే అదే రోజు మూత తీయించండి. బియ్యం డబ్బాలో పెట్టడం, ఎండలో ఆరబెట్టడం వల్ల తేమ బయటికి పోదు, లోపలే తిరుగుతుంది. ఉక్కు భాగాల మీద తుప్పు మొదలవడానికి ఒకటి రెండు రోజులు చాలు. జనతాను నీళ్ల వాచీగా ఎప్పుడూ అనుకోకండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బండి మీద వెళ్లేటప్పుడు రెయిన్‌కోటు లోపలి జేబులో వేసుకోండి. మేలో చెమట కీ పక్కనుంచి లోపలికి పోతుంది, ఇంటికి రాగానే పొడి గుడ్డతో వెనక మూతను, కీ చుట్టూ తుడవండి. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద ఏ వాచీనీ వదలకండి.

జనతాకు కీ రోజూ ఒకే వేళకు, చేతి నుంచి తీసి ఇవ్వండి. చేతి మీదే ఉంచి ఇస్తే స్టెమ్ పక్కకు ఒత్తుకుంటుంది. గట్టిగా ఆగేదాకా తిప్పండి, అక్కడ ఆపండి. ఎక్కువ కీ ఇస్తే స్ప్రింగ్ తెగుతుందన్న భయంతో సగం సగం ఇవ్వనక్కర్లేదు, సగం కీతో ఊపు తగ్గి టైము తప్పుతుంది. సీకోలో తేదీని రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 మధ్య మార్చకండి, ఆ వేళ తేదీ చక్రం పళ్లు కలిసి ఉంటాయి. ముందు ముళ్లను 6 దగ్గరకు తెచ్చి అప్పుడు మార్చుకోండి.

ఈ రెండింటిలో ముందుగా జనతాను ఇవ్వండి. అది తిరిగొచ్చేలోగా సీకో పరీక్ష పూర్తవుతుంది, చేసినవాళ్ల పనితనం కూడా మీకు తెలుస్తుంది.